లేత మొక్కలో కలుపు మందు ప్రయాణం: నెల్లూరు, ప్రకాశం రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

కలుపు మందు డబ్బా మీద మోతాదు ఉంటుంది, పంట పేరు ఉంటుంది, ఎన్ని రోజులకు కొట్టాలో కూడా ఉంటుంది. ఆ రోజుల్లోనే ఎందుకు కొట్టాలో మాత్రం ఉండదు. ఆ కారణం తెలియకపోవడం వల్ల నారు గిడసబారుతోంది, కొన్న మందు కలుపును చంపకుండానే వృథా అవుతోంది. మందు మొక్కలో తనంతట తాను నడవదు. నీరు, చక్కెర ఆ రోజు ఎటు సాగుతుంటే అటే అదీ సాగుతుంది. లేత మొక్కలో ఆ ప్రవాహం ముదురు మొక్కలో ఉన్నట్లు ఉండదు. కింది జవాబులన్నిటికీ మూలం ఈ సంగతే.

మొక్క లోపల ఏయే పదార్థాలు, ఏ దారిలో కదులుతాయి?

రెండు దారులున్నాయి. వేరు నుంచి ఆకు దాకా నీటిని, అందులో కరిగిన లవణాలను మోసేది దారువు. ఆకు తయారుచేసిన చక్కెరను అవసరమైన చోటికల్లా చేర్చేది పోషక కణజాలం. దారువులో ప్రవాహం పైకే సాగుతుంది. ఆకుల నుంచి నీరు ఆవిరైపోతుంటే ఆ లాగుడుకు కింది నీరు పైకి వస్తుంది. పోషక కణజాలంలో దిశ అలా స్థిరంగా ఉండదు. చక్కెర తయారయ్యే చోటి నుంచి ఖర్చయ్యే చోటికి పోతుంది. అది పైకి కావచ్చు, కిందికీ కావచ్చు. ఒత్తిడిలో ఉండే తేడా వల్లే ఈ ప్రవాహం సాగుతుందని జర్మన్ శాస్త్రవేత్త ఎర్నస్ట్ మ్యూంక్ 1930లో ఇచ్చిన వివరణనే ఇప్పటికీ పాఠాల్లో చెబుతున్నారు. వేగం సాధారణంగా గంటకు అర మీటరు నుంచి మీటరు దాకా ఉంటుంది. జానెడు మొక్కలో ఉదయం పోషక నాళంలోకి చేరినది మధ్యాహ్నం లోపే వేరు కొసకు చేరగలదన్న మాట.

లేత మొక్కకూ ముదురు మొక్కకూ ఇందులో తేడా ఏమిటి?

విప్పుకుంటున్న ఆకు తన తిండి తాను తయారుచేసుకోలేదు. ఇంకా సంపాదన మొదలుపెట్టని పిల్లవాడిలా ఇంటి మీదే ఆధారపడుతుంది. గింజలోని నిల్వ నుంచో, కింది ఆకు నుంచో చక్కెర తెచ్చుకుంటుంది. పూర్తి సైజులో మూడో వంతో సగమో పెరిగాక గానీ బయటికి పంపడం మొదలుపెట్టదు. అందుచేత లేత ఆకు మీద పడిన మందు అక్కడే ఆగిపోతుంది. ఎదిగిన ఆకు మీద పడింది చక్కెరతోపాటు బయలుదేరి మొవ్వుకు, వేరు కొసలకు చేరుతుంది.

దీనికి రెండో పక్క కూడా ఉంది. లేత ఆకు మీద మైనపు పొర పలచగా ఉంటుంది, మందు సులువుగా ఇంకుతుంది. వేరు నుంచి మొవ్వుకు దూరమూ తక్కువే. మందును విరగ్గొట్టుకునే శక్తి మొక్కకు ఇంకా పూర్తిగా సమకూడి ఉండదు. గింజ నుంచి మొలిచిన ఊద (వరిలో పెరిగే గడ్డి జాతి కలుపు) రెండు మూడాకుల దశలో తేలిగ్గా చావడానికి ఇవే కారణాలు. అదే దశలో పంట మొక్క కూడా ప్రమాదంలో ఉండటానికీ ఇవే కారణాలు.

అయితే తుంగ, గరిక లేతగా ఉన్నప్పుడు కొడితే పైన మాడి మళ్లీ ఎందుకు మొలుస్తాయి?

అవి గింజ మీద కాకుండా గడ్డ మీద, భూమిలో పాకే కాండం మీద బతికే మొక్కలు. కొత్త మొలక వచ్చిన రోజుల్లో చక్కెర గడ్డ నుంచి పైకి వస్తుంటుంది. ఆ సమయంలో గ్లైఫోసేట్ కొడితే అది ప్రవాహానికి ఎదురు పోలేదు. ఆకులు మాడతాయి, గడ్డ క్షేమంగా ఉంటుంది. ఆకులు బాగా ఎదిగి, పూత దశకు దగ్గరపడి, చక్కెర గడ్డల్లోకి దిగుతున్నప్పుడు కొడితే అదే మందు అదే మోతాదులో గడ్డ దాకా చేరుతుంది. మొలకలు కనబడగానే మందు పట్టుకుపోయే తొందర తుంగ విషయంలో పనికిరాదు.

అన్ని మందులూ ఒకే దారిలో వెళ్తాయా?

వెళ్లవు. మొక్కజొన్నలో వాడే అట్రజిన్‌ను వేరు పీల్చుకుంటుంది, అది నీటితోపాటు దారువులో పైకే పోతుంది. ఆకు మీద పడితే కిందికి దిగదు. అందుకే దాని దెబ్బ ముందు కింది ముదురు ఆకుల అంచుల్లో కనబడుతుంది, ఎక్కువ నీరు చేరేది అక్కడికే. గ్లైఫోసేట్, 2,4-డి పోషక నాళాల్లో తిరుగుతాయి. వీటి దెబ్బ ముందు లేత భాగాల్లో కనిపిస్తుంది. పెండిమిథాలిన్ దాదాపు కదలదు, తగిలిన వేరు కొస దగ్గరే పని చేస్తుంది.

పారాక్వాట్ కథ వేరు. ఎండ తగిలితే గంటల్లోనే కణాల పొరలను చించేస్తుంది, కణాలు చచ్చాక దాన్ని మోసుకుపోయే దారే ఉండదు. పడిన చోట మాడ్చి ఊరుకుంటుంది కాబట్టే వేరు బతికిపోతుంది. సాయంత్రం కొడితే, తెల్లారి ఎండ వచ్చేలోపు కొంత దూరం పాకుతుంది. పారాక్వాట్ గురించి ఇంకొక్క మాట: మనిషి కడుపులోకి కొద్దిగా వెళ్లినా దానికి విరుగుడు మందు లేదు. నీళ్ల సీసాల్లోకి, కూల్‌డ్రింక్ సీసాల్లోకి దాన్ని ఎప్పుడూ పోసిపెట్టవద్దు. ఎవరైనా పొరపాటున తాగితే లక్షణాలు కనబడే దాకా చూడకుండా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

2,4-డి పోషక నాళాల్లోకి ఎలా దూరుతుంది?

అది బలహీనమైన ఆమ్లం. ఆకు కణాల గోడల మధ్య ఉండే రసం కాస్త పుల్లగా ఉంటుంది. పోషక నాళాల లోపలి రసం క్షార గుణంతో ఉంటుంది. పుల్లని చోట 2,4-డి అణువు విద్యుదావేశం లేకుండా ఉంటుంది, పొరను దాటి లోపలికి పోతుంది. లోపల క్షారం తగలగానే ఆవేశం పొందుతుంది, ఇక పొరను దాటి వెనక్కి రాలేదు. అలా నాళంలో చిక్కుకుని చక్కెర ఎటు తీసుకెళ్తే అటు పోతుంది.

మోతాదు పెంచితే మందు ఇంకా లోపలికి, ఇంకా వేగంగా పోతుంది కదా?

చాలామంది అలాగే అనుకుంటారు. జరిగేది తరచుగా దీనికి విరుద్ధం. మందు ప్రయాణించేది మొక్క బతికి ఉండి, చక్కెర తయారుచేస్తూ, నాళాలు తెరుచుకుని ఉన్నంతసేపే. 2,4-డి ఎక్కువైతే పడిన చోటే ఆకు తొడిమలోని నాళాలు దెబ్బతిని దారి మూసుకుపోతుంది, మిగతా మందు ఆకులోనే ఉండిపోతుంది. గ్లైఫోసేట్ సరైన మోతాదులో కూడా ఈ పని కొంత చేస్తుంది. మొక్కకు కావలసిన మూడు అమైనో ఆమ్లాల తయారీని అది ఆపుతుంది. దాంతో ఆకులో పిండి, చక్కెర లెక్క తప్పి, కొన్ని గంటల్లోనే బయటికి పంపే చక్కెర తగ్గుతుంది. చక్కెర కదలకపోతే మందూ కదలదు. సల్ఫోనైల్‌యూరియా తరగతి మందులు కూడా కొన్ని లేత కలుపు మొక్కల్లో ఇలాగే తమ ప్రయాణాన్ని తామే కుంటుపరచుకుంటాయని ప్రయోగాల్లో తేలింది.

గ్లైఫోసేట్‌లో పారాక్వాట్ కలిపి కొడితే పని త్వరగా అవుతుందని చెప్పే సలహా కూడా ఇందుకే తప్పు. పారాక్వాట్ ఆకును మాడ్చేస్తే గ్లైఫోసేట్ వేరుకు చేరే దారి తెగిపోతుంది. మర్నాడు పొలం మాడి కనబడుతుంది, వర్షం పడగానే గరిక మళ్లీ లేస్తుంది. రెండు మందుల డబ్బూ పోయినట్లే.

వరి నాటిన కొన్నాళ్లకే 2,4-డి కొట్టాను. ఆకులు గొట్టాల్లా వస్తున్నాయి. ఇది ఉల్లికోడా?

పురుగు వల్ల వచ్చే ఉల్లికోడుకూ మందు దెబ్బకూ పోలిక ఉంది, అందుకే తొందరపడి పురుగు మందు కొనవద్దు. 2,4-డి అంటే మొక్క సొంత హార్మోను ఆక్సిన్‌ను అనుకరించే పదార్థం. నిజమైన ఆక్సిన్ లేత కొసలో పుట్టి, గంటకు ఒక సెంటీమీటరు చొప్పున, కొలత ప్రకారం కిందికి దిగుతూ ఏ కణం ఎప్పుడు పెరగాలో చెబుతుంది. 2,4-డి ఒక్కసారిగా నాళాల ద్వారా అంతటా వచ్చి పడుతుంది. వరి దాన్ని చాలా వరకు తట్టుకుంటుంది. గడ్డి జాతిలో అది తక్కువ దూరం కదులుతుంది, మొక్క దాన్ని త్వరగా విరగ్గొడుతుంది. కాండంలో నాళాలు విడివిడిగా చెదిరి ఉండటం కూడా కలిసివస్తుంది. కానీ పిలకలు ఇంకా వేయని లేత నారులో ఈ రక్షణ సరిపోదు. మొవ్వులో ఏర్పడుతున్న ఆకు అంచులు విడిపోక, ఉల్లి ఆకులా గొట్టంగా బయటికి వస్తుంది.

ఇప్పుడు గుర్తుపట్టడం. గొట్టంగా ఉన్న పిలకను మొదలు దగ్గర కోసి, గోటితో పొడవునా చీల్చండి. ఉల్లికోడైతే గొట్టం వెండి మెరుపుతో తెల్లగా ఉంటుంది, అడుగున చిన్న పురుగో, ప్యూపానో, లేదా గొట్టం కొస దగ్గర అది బయటికి పోయిన రంధ్రమో దొరుకుతుంది. దుబ్బులో ఒకటి రెండు పిలకలే అలా ఉంటాయి, మిగతావి మామూలుగా ఉంటాయి. మందు దెబ్బైతే గొట్టం ఆకుపచ్చగానే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. మడిలో దాదాపు అన్ని దుబ్బులకూ ఒకేసారి వస్తుంది, పంపు రెండుసార్లు తిరిగిన గట్టు వెంబడి ఎక్కువగా కనబడుతుంది. ఒక దుబ్బు పీకి వేళ్లు కడిగి చూస్తే అవి పొట్టిగా, లావుగా ఉంటాయి. కొత్త పిలకలు మామూలుగా వస్తుంటే మడి కోలుకుంటున్నట్టే.

వరిలో 2,4-డి సోడియం లవణాన్ని నాటిన 20–25 రోజులకు, పిలకలు వేస్తున్నప్పుడు కొట్టమనేది అందుకే. చిరుపొట్ట దశలో మళ్లీ కొట్టకూడదు. అప్పుడు చక్కెర వెన్ను వైపు మళ్లుతుంది, మందూ అక్కడికే పోతుంది.

పక్క పొలంలో 2,4-డి కొట్టారు. నా పొగాకు నారు, మిరప నారు మెలితిరిగాయి. అంత దూరం ఎలా వచ్చింది?

టంగుటూరు, కొండపి వైపు పొగాకు వేసేవారికి, మిరప వేసేవారికి ఇది నిజమైన బాధ. నారు చేతికొచ్చే వేళ పక్కన జొన్నలోనో వరిలోనో ఈ మందు పడుతుంది. పొగాకు, పత్తి, మిరప, టమాటా 2,4-డికి అతి సున్నితమైనవి. వెడల్పాకు మొక్కల్లో అది స్వేచ్ఛగా తిరుగుతుంది, అవి దాన్ని త్వరగా విరగ్గొట్టలేవు. గాలికి కొట్టుకొచ్చిన తుంపర ఒక దారి. ఈస్టరు రూపంలో ఉన్న 2,4-డి ఎండకు ఆవిరై, కొట్టిన తర్వాత కూడా గాలిలో పక్క పొలానికి చేరడం ఇంకో దారి. సోడియం లవణం, అమైన్ లవణం ఇంతగా ఆవిరి కావు. చుట్టూ వెడల్పాకు పంట ఉన్నప్పుడు ఈస్టరును ముట్టకపోవడం పొరుగువాడి పట్ల కనీస మర్యాద అని నేను నమ్ముతాను.

లోపల జరిగేది ఇది. కాండంలోని కణాలు అదుపు లేకుండా విభజన చెందుతాయి. ఆ ఉబ్బు పోషక నాళాలను నలిపేస్తుంది. చక్కెర వేరుకు దిగదు, వేరు ఆకలితో క్షీణిస్తుంది, పైకి రావలసిన నీరు, లవణాలు తగ్గుతాయి. తొడిమలు కిందికి వంగి, కొత్త ఆకులు సన్నగా, ఈనెలు దగ్గర దగ్గరగా సమాంతరంగా ఉండి బయటికి వస్తాయి.

మిరపలో దీన్ని ముడతతో కలగాపులగం చేసుకుంటారు. తామర పురుగుల పైముడతలో ఆకు అంచులు పైకి లేస్తాయి, నల్లి వల్ల వచ్చే కింది ముడతలో కిందికి వంగుతాయి. ఈ రెండింటిలోనూ తొడిమ, కాండం మెలితిరగవు. 2,4-డి దెబ్బలో ముందు మెలితిరిగేది అవే. పైగా అది గాలి వచ్చిన వైపు వరసల్లో ఎక్కువగా, అటు పోయే కొద్దీ తక్కువగా ఉంటుంది.

శనగ, మినుము విత్తాక పెండిమిథాలిన్ కొట్టాను. మొలకలు గిడసబారాయి. మందు ఆకులోకి పోయిందా?

పోలేదు. ఆ మందు నీటిలో దాదాపు కరగదు, మట్టి పై పొరలోనే అంటుకుని ఉంటుంది. వేరు కొసలో కణం రెండుగా చీలడానికి అవసరమైన సన్నటి దారాలను అది ఏర్పడనివ్వదు. కొస ఉబ్బి గుండ్రంగా అవుతుంది, పక్క వేర్లు రావు. నీటిని, సున్నాన్ని ఎక్కువగా పీల్చేవి ఆ లేత కొసలే. అవి ఆగితే ఆకుకు నీరు, లవణాలు అందవు. ఆకులో మందు లేకుండానే ఆకు ఆకలితో ఉంటుంది. పప్పుజాతి మొలకల్లో మట్టి ఆనుకునే చోట కాండం ఉబ్బి, గాలికి పుటుక్కున విరగడం కూడా చూడవచ్చు.

ఇది ఎక్కువగా విత్తనం పైపైన పడిన చోట, లేదా కొట్టిన వెంటనే భారీ వాన పడి మందు విత్తనం దాకా దిగిన చోట జరుగుతుంది. తేలిక నేలల్లో ప్రమాదం ఎక్కువ. నాగులుప్పలపాడు వైపు నల్లరేగడిలో మందును మట్టి గట్టిగా పట్టుకుంటుంది. విత్తనం సరైన లోతులో పడాలి, మందు విత్తిన 48 గంటల్లో, నేలలో తేమ ఉన్నప్పుడు పడాలి. వేరు పై పొరను దాటి కిందికి దిగిపోతే పంట తప్పించుకుంటుంది. పై పొరలోనే మొలిచే సన్న గింజల కలుపు చిక్కుకుంటుంది.

బిస్పైరిబాక్ సోడియం కొట్టాక వరి పసుపు రంగుకు తిరిగింది. జింకు వేయాలా?

ముందు ఏ ఆకు పసుపుగా ఉందో చూడండి. ఈ మందు మూడు అమైనో ఆమ్లాల తయారీని ఆపుతుంది. వాటి అవసరం ఎక్కువగా ఉండేది లేత భాగాలకు కాబట్టి పసుపు మొవ్వు ఆకుల్లో మొదలవుతుంది. వరి ఈ మందును విరగ్గొట్టుకోగలదు, సాధారణంగా వారం పది రోజుల్లో తేరుకుంటుంది. జింకు లోపమైతే కింది ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి, నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో కనబడతాయి, మడిలో చవుడు ఉన్న భాగంలో ఎక్కువగా ఉంటాయి. పెన్నా డెల్టాలో ఈ రెండూ ఒకే రోజుల్లో వస్తాయి కాబట్టి రంగు చూసి కాదు, ఆకు స్థానం చూసి నిర్ణయించాలి.

కలుపు వెంటనే చావలేదని రెండోసారి కొట్టవద్దు. పెరుగుదల ఆగిపోయేది తొందరగానే, కంటికి కనబడేది వారం తర్వాతే. కొట్టే ముందు మడిలో నీరు తీసేయాలి, లేకపోతే కలుపు ఆకులు మునిగి ఉండి మందు తగలదు. రెండు మూడు రోజుల్లో మళ్లీ నీరు పెట్టాలి.

ఊద చచ్చి వరి ఎలా బతుకుతుంది? రెండూ గడ్డి జాతే కదా!

మందు రెండింటిలోనూ కదులుతుంది. తేడా దాన్ని విరగ్గొట్టే వేగంలో ఉంది. సైహలోఫాప్ బ్యూటైల్‌ను వరి హాని లేని పదార్థంగా మార్చేస్తుంది, ఊద అలా చేయలేదు. ఊద మొవ్వు కణాల్లో కొవ్వు పదార్థాల తయారీ ఆగి, మొదలు కుళ్లుతుంది. కొట్టిన వారానికి పొలంలోకి వెళ్లి ఊద నడి ఆకును రెండు వేళ్లతో పట్టి లాగండి. అడుగున గోధుమ రంగుకు తిరిగి, మెత్తబడి, చేతికి ఊడి వస్తుంది. కింది ఆకులు ఇంకా పచ్చగా ఉన్నా సరే, ఆ మొక్క పని అయిపోయినట్లే. మినుములో వాడే క్విజలోఫాప్ ఇథైల్ కూడా గడ్డి జాతిలో ఇలాగే పని చేస్తుంది. ఇలాంటి మందుల్లో 2,4-డి కలిపి కొట్టకూడదు, గడ్డి మీద వాటి పని తగ్గిపోతుంది.

డ్రమ్ సీడర్‌తో విత్తిన వరిలో సేఫ్నర్ (పంటను మందు దెబ్బ నుంచి కాపాడే పదార్థం) ఉన్న ప్రెటిలాక్లోరే వాడమంటారు, ఎందుకు?

నాటిన నారుకు అప్పటికే వేరు, ఆకు ఉంటాయి. నేరుగా విత్తిన మొలక మందు పొరలోంచే పైకి రావాలి. సేఫ్నర్ ఆ మొలకలో మందును విరగ్గొట్టే ఎంజైమును పెంచుతుంది. ఎడగారులోనైనా రబీలోనైనా, వెదజల్లినా డ్రమ్ముతో విత్తినా మామూలు ప్రెటిలాక్లోర్ వాడవద్దు.

కనిగిరి, పొదిలి వైపు బెట్టలో మందు కొట్టినా కలుపు చావడం లేదు. మందు నకిలీదా?

కావచ్చు, కానీ ముందు రెండు విషయాలు చూడండి. బెట్టలో మొక్క పత్రరంధ్రాలు మూసుకుంటుంది, చక్కెర తయారీ తగ్గుతుంది, ఆకు మీద మైనం మందమవుతుంది. లోపల ప్రవాహమే లేనప్పుడు ఏ కంపెనీ మందూ వేరుకు చేరదు. వాన పడి లేదా తడి ఇచ్చి కలుపు తేరుకున్నాక కొడితే అదే మందు పని చేస్తుంది.

రెండోది నీరు. ఆ ప్రాంతపు బోరు నీటిలో సున్నం, మెగ్నీషియం ఎక్కువ. గ్లైఫోసేట్ వాటితో జతకట్టి ఆకు మైనాన్ని దాటలేని రూపంలోకి మారుతుంది. 2,4-డి లవణాలూ ఇలాంటి నీటిలో సరిగ్గా పని చేయవు. ట్యాంకులో ముందు లీటరుకు 20 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్ కలిపి, ఆ తర్వాత గ్లైఫోసేట్ పోస్తే చాలా వరకు సర్దుకుంటుంది. కాలువ బురద నీరు అసలు వాడవద్దు. మట్టి రేణువులు గ్లైఫోసేట్‌ను, పారాక్వాట్‌ను ట్యాంకులోనే పట్టేస్తాయి. గ్లైఫోసేట్ వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేస్తూ కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చిందని కూడా గుర్తుంచుకోండి.

నిమ్మ తోటలో చెట్ల కింద గ్లైఫోసేట్ కొట్టవచ్చా? ఆకుల మీద పడటం లేదు కదా.

పొదలకూరు వైపు కొత్తగా పెట్టిన నిమ్మ మొక్కలకు ఇది పెద్ద ప్రమాదం. లేత మొక్క కాండం ఇంకా ఆకుపచ్చగా ఉంటుంది, ఆ బెరడు మందును పీల్చుకుంటుంది. మొదట్లో వచ్చే పిలకలూ అంతే. లోపలికి పోయిన మందు చిగుళ్లకు చేరి, కొన్ని వారాల తర్వాత సన్నని, పాలిపోయిన ఆకులు గుత్తులుగా వస్తాయి. చాలామంది దీన్ని తెగులు అనుకుంటారు. బెరడు గోధుమ రంగుకు తిరిగే దాకా మొక్క చుట్టూ చేత్తోనే కలుపు తీయించండి.

పొగాకు మల్లె, బంగారు తీగ మీద కలుపు మందులు పని చేస్తాయా?

ఈ రెండూ పంట నాళాల్లోకే తమ వేరు లాంటి భాగాన్ని దింపి బతికేవి. మల్లె పొగాకు వేరును పట్టుకుంటుంది, బంగారు తీగ మినుము కాండాన్ని చుట్టుకుంటుంది. పంట తయారుచేసిన చక్కెర వాటి వైపు బలంగా పారుతుంది, పంటలోకి వెళ్లిన మందు కూడా వాటిలోకే ఎక్కువగా చేరుతుంది. దీన్ని ఉపయోగించి మధ్యధరా తీర దేశాల్లో ఒక రకం చిక్కుడులో అతి తక్కువ మోతాదు గ్లైఫోసేట్‌తో మల్లె జాతిని అదుపు చేశారు. కానీ పొగాకులో సొంతంగా ఈ ప్రయోగం చేయవద్దు, పంటకూ కలుపుకూ మధ్య తేడా చాలా సన్నం. మల్లెను పూత రాకముందే పీకి పొలం బయట కాల్చడమే మేలు. ఒక్క మొక్క లక్షకు పైగా గింజలు రాల్చగలదు, అవి నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి. బంగారు తీగకు మొలకెత్తక ముందు పెండిమిథాలిన్ పని చేస్తుంది, చుట్టుకున్నాక తీగతో కలిపి మొక్కను తీసేయాలి.

మందు మొక్కలో ఎటు పోయిందో శాస్త్రవేత్తలకు ఎలా తెలుస్తుంది?

రేడియోధార్మిక కార్బన్-14తో తయారుచేసిన మందు చుక్కను ఒకే ఆకు మీద పెడతారు. కొన్ని గంటలకో రోజులకో మొక్కను ఆరబెట్టి ఫిల్ము మీద పరుస్తారు. మందు చేరిన భాగాలు ఫిల్ము మీద నల్లగా పడతాయి. ఎదిగిన ఆకు మీద చుక్క పెడితే మొవ్వు, వేరు కొసలు నల్లగా కనిపిస్తాయి. లేత ఆకు మీద పెడితే ఆ ఆకు ఒక్కటే నల్లగా ఉంటుంది.

దెబ్బతిన్న నారుకు విరుగుడు ఏమిటి?

లోపలికి పోయిన మందును బయటికి తెచ్చే టానిక్ ఏదీ లేదు. ఎవరైనా అలా చెప్పి సీసా అమ్మితే కొనవద్దు. మందును విరగ్గొట్టేది మొక్కే, దానికి నీరు, సమయం కావాలి. బెట్ట రానివ్వకండి. వేర్లు పని చేయనప్పుడు లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తే కొంత ఆసరా. ఆ తర్వాత పాత ఆకులను చూడకుండా కొత్తగా వచ్చే ఆకును చూడండి. అది మామూలుగా విప్పుకుంటే మొక్క గట్టెక్కినట్లు. రెండు మూడు కొత్త ఆకులు కూడా వంకరగానే వస్తే, అదను దాటకముందే మళ్లీ నారు పోసుకోవడం మంచిది. నెల్లూరు, దర్శి కృషి విజ్ఞాన కేంద్రాల్లో నిపుణులకు మొక్కను వేళ్లతో సహా, ఏ మందు ఏ రోజు కొట్టారో వివరంతో సహా చూపించండి. ఆకు ఒక్కటి తుంచుకెళ్తే వారు చెప్పగలిగింది తక్కువ.

పంపు కడిగాను, అయినా మిరప దెబ్బతింది. ఎలా?

2,4-డి రబ్బరు గొట్టంలో, వాషర్లలో, నాజిల్ వడపోతలో నిలిచిపోతుంది. తర్వాత పురుగు మందు పోసినప్పుడు దానితోపాటు బయటికి వస్తుంది. మిరపకు, పొగాకుకు ఆ కాస్తా చాలు. మంచినీటితో మూడుసార్లు కడగాలి, ప్రతిసారీ గొట్టం ద్వారా బయటికి కొట్టాలి. తర్వాత చాకలిసోడా కలిపిన నీరు నింపి రాత్రంతా ఉంచి, మర్నాడు మళ్లీ కడగాలి. నాజిల్‌ను విప్పి విడిగా కడగాలి. కడిగిన నీరు కాలువలోకో నారుమడి పక్కకో పోనివ్వకండి. వీలుంటే కలుపు మందుకు వేరే పంపు కొని, దాని మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.